గోడ వైపు బరువు

ఒరగడం వేరు, పడిపోవడం వేరు అని నాన్న అనేవాడు. ఆ తేడా పడవలకి తెలిసినంత బాగా మనుషులకి తెలియదని కూడా అన్నాడేమో, చెప్పలేను. ఆయన పోయాక ఆయన మాటలకి నావి కొన్ని అంటిస్తున్నానని నా మీద నాకే అనుమానం. కచ్చితంగా అన్నది మాత్రం ఇది: ఆటుకి సముద్రం నీళ్లు తీస్తున్నప్పుడు పడవ నిటారుగా నిలబడిందని సంబరపడకూడదు, భయపడాలి. నిటారుగా ఉన్నది ఎటైనా పోగలదు. గోడ వైపు కాస్త ఒరిగిందంటే ఇక నిశ్చింతగా కిందికి దిగి పని చేసుకోవచ్చు. ఆ వేసవి పొద్దున్నే లేచి పంపు కొడుతూ ఈ మాటనే నములుతూ ఉండేదాన్ని. పిడి కిందికి నొక్కితే 'ఒరగడం' అనుకోవడం, పైకి లేస్తే 'పడిపోవడం' అనుకోవడం. ఎంత కొట్టినా అడుగున నీళ్లు మాత్రం తరిగేవి కావు.

ఏరు సముద్రంలో కలిసేచోట ఆ పడవే మా ఇల్లు. ఒకప్పుడు ఇసుకా ఇటుకా మోసిన బరువైన చెక్కపడవ. నాన్న దాని కడుపులో అడ్డుచెక్కలు కట్టి, కిటికీలు కోసి, రెండు గదులూ ఒక వంటగదీ చేశాడు. ఏటా వేసవిలో ఒకసారి దాని అడుగు గీకి, పలకల సందుల్లో నూలు కూరి, తారు పూయాలి. అందుకు దాన్ని ఎత్తక్కర్లేదు. పోటు మీద ఒక గోడ పక్కకి తీసుకెళ్లి కట్టేస్తే చాలు. ఆటు మొదలవగానే సముద్రం దాని కిందనుంచి జారిపోతుంది. పడవ తన అడుగుదూలం మీద నేలకి దిగి గోడకి ఆనుకుంటుంది. మళ్లీ నీళ్లు వచ్చేలోపు పని ముగించుకోవాలి. కావలసిందల్లా ఒక గోడ, ఆ గోడ కింద గట్టి నేల.

నాన్న చలికాలంలో పోయాడు, నిద్రలో, ఎవరినీ లేపకుండా. ఎండలు ముదిరేసరికి పడవ నీళ్లు తాగడం మొదలుపెట్టింది.

పడవలో మిగిలింది నేనూ, నాన్న రెండో భార్యా. నాకంటే ఆరేడేళ్లు పెద్దది. వరసకి పిన్ని. ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదు. ఆవిడ వచ్చేనాటికే నేను జీవితంలో ఒక చుట్టు తిరిగొచ్చి, నా గదిలో కుట్టుమిషను పెట్టుకుని, పడవలకీ దుకాణాలకీ కాన్వాసు కుడుతూ నా మానాన నేనున్నాను. కొత్తగా ఎవరినైనా ఏదైనా వరస పెట్టి పిలిచే వయసు దాటిపోయిందనుకున్నాను. ఎడమవైపు గది నాది, కుడివైపు గది వాళ్లది, మధ్యలో వంటగది ఎవరిదీ కాదు. పైన కూడా అంతే. బట్టలు నేను ఎడమ కమ్మీ మీద ఆరేసుకునేదాన్ని, ఆవిడ కుడి కమ్మీ మీద. నేను ఎడమవైపు మెట్టు మీంచి ఎక్కేదాన్ని, ఆవిడ కుడివైపు నుంచి. ఎవరూ గీత గీయలేదు. గొడవ పడ్డామా అంటే అదీ లేదు. గొడవ పడాలంటే ముందు మాట్లాడుకోవాలి.

నాన్న ఉన్నన్నాళ్లూ మా మాటలు ఆయన మీదుగా వెళ్లేవి.

"మీ అమ్మాయికి టీ కావాలేమో అడగండి."

"వద్దని చెప్పు నాన్నా, ఇప్పుడే తాగాను."

ముగ్గురం ఒకే బల్ల దగ్గర మోకాళ్లు తగిలేలా కూర్చుని ఉండేవాళ్లం. "ఇద్దరికీ చెవులున్నాయి కదా, మధ్యలో ఈ పోస్టాఫీసు దేనికి?" అని నాన్న నవ్వేవాడు. పోస్టాఫీసు మూతపడ్డాక మేం స్టవ్వుతోనో గాలితోనో మాట్లాడటం నేర్చుకున్నాం. 'పంపు కొట్టాలి.' 'గ్యాసు అయిపోవచ్చింది.' 'గోడ చూడాలి.' ఎవరు కొట్టాలో, ఎవరు చూడాలో ఎవరూ అనేవాళ్లం కాదు. విన్నవాళ్లు చేసేసేవాళ్లం. ఆ పద్ధతికి లోటేమీ లేదనే అనుకున్నాను.

ఏటా మేం పడవ ఆనించే పాత గోడ రేవు మొదట్లో ఉండేది. అక్కడికెళ్లి చూస్తే దాని పొడుగునా కొత్త బెంచీలు, దీపస్తంభాలు, గోడ అంచుకి రంగేసిన కంచె. రేవు గుమాస్తా కిటికీ దగ్గరికి వెళ్లాను. ఏటా మాకు చేయి ఊపే మనిషే.

"ఇక్కడిక కట్టడానికి లేదమ్మా."

"ఏటా ఇక్కడే కడతాం కదండీ."

"ఏటా బెంచీలు లేవు కదా. సాయంత్రమైతే జనం నడవడానికొస్తున్నారు. మీరక్కడ తారు కాచారంటే అందరూ ముక్కులు మూసుకుని నడవాలి."

"మరి అడుగు ఎక్కడ గీకాలి?"

"అది పడవలున్నవాళ్ల సమస్య. పూర్వం అందరికీ పడవలుండేవి, అందరి సమస్యగా ఉండేది. ఇప్పుడు మీ ఒక్కళ్లదే అయిపోయింది." దురుసుగా అనలేదు. ఆలోచించి చూసి, నిజమేనని తోచినట్టు అన్నాడు. తర్వాత అడిగాడు, "నాన్నగారు రాలేదే?"

"పోయారు."

పెన్సిలు కింద పెట్టాడు. కాసేపు దానివంకే చూశాడు. "అయ్యో, మంచి మనిషి," అన్నాడు. "అయినా కుదరదమ్మా."

ఆ మాట నాకెందుకో నచ్చింది. దుఃఖాన్నీ నిబంధననీ కలపకుండా పక్కపక్కన పెట్టాడు. నేనూ అలాంటిదాన్నే. పరామర్శకి వచ్చినవాళ్ల ముందు కుట్టుమిషను ఆపకుండా కుడుతూ కూర్చున్నానని ఆ మధ్య ఎవరో అన్నారట.

పడవల వడ్రంగిని తీసుకొచ్చి చూపించాను. చెవి మీద పెన్సిలు లేకుండా అతన్ని ఎవరూ చూసి ఉండరు. నా గది నేలచెక్క ఎత్తి, లోపలికి చేయి పెట్టి, వేలి గోటితో పలకని గుచ్చాడు. గోరు దిగింది.

"పురుగు. ఇంకా పైపైనే ఉంది. ఈ వేసవిలో బయట నిలబెట్టి సందులు నింపేస్తే గట్టెక్కుతుంది. వానలు పడి ఏరు బలిసిందంటే మాత్రం మీ చేతిపంపు దేనికీ చాలదు. విప్పేసి చెక్క తీసుకోవడమే."

విప్పేయడమంటే ఇల్లు విప్పేయడం. వానలకి ముందు పెద్ద పోట్లు ఇంక కొన్నే ఉన్నాయి. మా పడవ లోతైనది, మామూలు పోటుకి ఏ గోడ దగ్గరికీ రాదు. అమావాస్యకో పున్నమికో సముద్రం పొంగితేనే కదులుతుంది.

"ఇసుకమేట మీద పెట్టకూడదా?" అన్నాను.

"పెట్టొచ్చు. గుండ్రటి పొట్ట కదా, ఓ పక్కకి పడుకుంటుంది. పడుకుంటే లేవడం కష్టం, నాలాగే. నీళ్లు తిరిగొచ్చి దాన్ని లేపేలోపు కిటికీల్లోంచి లోపలికొచ్చి కూర్చుంటాయి." చేతులు తుడుచుకుంటూ అవతలి గది తలుపు వైపు చూశాడు. "మీ పిన్ని ఏమంటుంది?"

"తెలీదు."

"ఒక్క పడవలో ఉంటూనా?"

నేను నేలచెక్క తిరిగి దాని చోట పెట్టాను. అతను పెన్సిలు చెవి మీద సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను చూసిన గోడలు కలలోకి కూడా వచ్చేవి. చేపల మార్కెట్టు వెనక గోడ బాగుంది, కింద ఎవరో పాత ఇంజను పడేశారు, ఆటుకి దాని పళ్లు బయటపడతాయి. వంతెన కింద గోడ కూడా బాగుంది, కింద బురద. కర్ర గుచ్చితే సగానికి దిగి, లాగితే వదల్లేదు, అక్కడే వదిలేసి వచ్చాను. ఇంకోచోట అన్నీ కుదిరాయి గానీ నాలాగే వెతుక్కుంటున్న ఇంకెవరిదో పడవ అప్పటికే ఆని ఉంది. దాని కింద ఒక కుటుంబమంతా చేరి గీకుతున్నారు. ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ, నవ్వుకుంటూ, ఎవరి జుట్టుకో తారు అంటిందని ఎగతాళి చేసుకుంటూ. గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాను. వాళ్లు నన్ను చూస్తే ఏం చెప్పాలో ముందే మాట సిద్ధం చేసుకున్నాను. ఎవరూ చూడలేదు.

పడవ కింద పనిలో నా చోటు ఎప్పుడూ గోడకీ పడవకీ మధ్య సందు. చిన్నప్పటినుంచి సన్నగా ఉండేదాన్ని, ఆ సందులో పట్టేది నేనొక్కదాన్నే. వీపుకి గోడ చెమ్మ, ముఖానికి పడవ అడుగు, పైన సన్నటి ఆకాశం గీత. అవతల, వెలుతురు వైపు, నాన్నా ఆవిడా గీకుతూ ఏవో మాట్లాడుకునేవాళ్లు. చెక్కకి చెవి ఆనిస్తే మాటలు వినిపించేవి కావు, గొంతులు మాత్రం వచ్చేవి. అది నాకిష్టం. మాటలు అర్థం కానంత దూరం, గొంతులు ఆగిపోనంత దగ్గర. మనుషులతో నాకు కావలసినది సరిగ్గా అంతేనని అప్పట్లో నమ్మకం.

వేసవి సగానికొచ్చేసరికి ఆవిడ ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. ఆవిడ పని ఇస్త్రీ దుకాణంలో. మధ్యాహ్నానికల్లా అయిపోయేది. అంతకుముందు వచ్చి, అన్నం తిని, తన గదిలో రేడియో పెట్టుకుని పడుకునేది. ఇప్పుడు పొద్దు వాలాక వస్తోంది. అడగడానికి మా మధ్య స్టవ్వు తప్ప ఎవరున్నారు?

తెలిసిందల్లా గొడుగుల దుకాణంలో. కుట్టిన గుడ్డ ఇవ్వడానికి వెళ్తే ఆ దుకాణం ఆవిడ అంది, "మీ పిన్ని మా సందులో మేడమీద గది చూసుకుందటగా? మంచి గది. గాలి బాగా వస్తుంది. ఎన్నాళ్లని ఆ నీళ్ల మీద ఊగుతారులే, పాపం."

దారంతా నాకు బాధ కలగలేదు. లెక్క కలిగింది. వంటగది నాదవుతుంది. కుడి గదిలో కాన్వాసు తానులు పెట్టుకోవచ్చు. కమ్మీ రెండు వైపులా బట్టలు ఆరేసుకోవచ్చు. పంపు ఒక్కదాన్నే కొట్టాలి, కొడతాను. ఇలా ఒక్కొక్కటీ సర్దుకుంటూ పడవ దాకా వచ్చి, మెట్టు ఎక్కి, వంటగదిలోకి వెళ్లి నిలబడ్డాను. ఆవిడ ఇంకా రాలేదు. అడ్డుచెక్కకి అవతల రేడియో లేదు, దగ్గు లేదు, మంచం కిర్రుమనడం లేదు. కింద నీళ్లు పలకల్లోంచి వస్తున్న చప్పుడు మొదటిసారి స్పష్టంగా వినిపించింది. ఒంటరితనం నాకు కొత్త కాదు, దానితో కలిసి పెరిగాను. కానీ నాది ఎప్పుడూ ఒకరికి ఇవతల ఉండే ఒంటరితనం. అవతల ఎవరూ లేకపోతే అది గోడ కాదు, అంచు.

ఆ సాయంత్రం ఆవిడ వచ్చింది. కుడివైపు మెట్టు దగ్గర బకెట్టు చప్పుడైతే వెళ్లి చూశాను. చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని కాళ్లు కడుక్కుంటోంది. కాళ్ల నిండా నల్లటి బురద. పక్కన నాన్న పొడుగు వెదురుగడ, దానికి నిలువునా బురద. నేను వంతెన కింద వదిలేసింది కాదు, రెండోది.

"గోడ దొరికింది," అంది బకెట్టుతో.

"ఎక్కడ?"

"పిండిమిల్లు వెనక. మూతపడిందే, అది."

"అక్కడ బురద."

"పైన బురద. జానెడు లోపల రాయి. వెనకటికి బస్తాల పడవలు నిలబడటానికి పరిచారట. ఈ చివర్నుంచి ఆ చివరకి గుచ్చి చూశాను. మధ్యలో ఒక చోట గుంట ఉంది, దాన్ని తప్పించి కట్టాలి." ఇంకో చెంబు నీళ్లు పోసుకుంది. "కాపలా ఆయన కట్టుకోమన్నాడు. ఊరికే కూర్చుని విసుగొస్తోందిట, తాళ్లు తనే అందుకుంటానన్నాడు."

ఇన్నాళ్ల ఆలస్యాలూ నా బుర్రలో ఒకదాని మీంచి ఒకటి జారిపోయాయి. ఆవిడ ఆటు వేళకి పోయి ఊళ్లో గోడలన్నీ పొడిచి చూస్తోందన్నమాట. అప్పుడు అనకూడని మాట అనేశాను.

"మీరు గది చూసుకుంటున్నారనుకున్నాను."

ఆవిడ తలెత్తింది. నేను నేరుగా 'మీరు' అనడం అదే మొదటిసారేమో.

"గదీ చూశానమ్మాయ్. రెండూ చూశాను. ఏది ముందు దొరికితే అది అనుకున్నా."

"ఏది ముందు దొరికింది?"

"గదే." పాదాలు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. "పోయిన అమావాస్యకే ఇస్తామన్నారు. మెట్లు ఎక్కువలే. నా మోకాళ్లకి కుదరదు."

పక్షం రోజులుగా మోకాలి లోతు బురదలో నడిచిన మోకాళ్లవి. గడ తీసుకుని కడిగి, దాని చోట పెట్టాను. దాని చోటు ఎడమవైపు. ఆవిడ ఎప్పుడు తీసుకుందో నాకు తెలియనే తెలియదు.

అమావాస్య పోటు పొద్దున్నే వచ్చింది. వానలకి ముందు ఆఖరి పెద్దది. ఇంజను నేను నడిపాను, చుక్కాని ఆవిడ పట్టింది. మిల్లు గోడ పైన కాపలాదారు కుర్చీ వేసుకుని, పెళ్లివారి కోసం చూస్తున్నవాడిలా సిద్ధంగా ఉన్నాడు. విసిరిన తాళ్లు అందుకుని కట్టాడు. పాత టైర్లు పడవకీ గోడకీ మధ్య వేలాడదీశాం. గుంటని తప్పించాం. ఇప్పుడా గోడలో ఏ ఇటుక ఎక్కడ పెచ్చు లేచిందో కళ్లు మూసుకుని చెబుతాను, ఏటా అక్కడికే వెళ్తాం. ఆ రోజు మాత్రం అది ముఖం తెలియని గోడ.

ఎడమ పక్కని గోడకి పెట్టాం, ఎప్పటిలాగే. నీళ్ల పీపాలు నింపి ఎడమ అంచున కట్టాను. వాటి మధ్య నాన్న పెట్టె ఉంది. అడుగు నేలని తాకేదాకా ఆయన ఆ బోర్లించిన పెట్టె మీదే కూర్చునేవాడు. భారీ మనిషి. 'నా పని కూర్చోవడమే, బరువంతా నాదే,' అని గొప్పలు పోయేవాడు. ఖాళీగా కనిపించకూడదని దాని మీద లంగరు గొలుసు చుట్టి పెట్టి, నేను పక్కన అంచు మీద కూర్చున్నాను. ఆవిడ కుడివైపు కూర్చుంది. తారు డబ్బాలు, గీకుడు రేకులు, నూలు ఉండలు, నిచ్చెన, అన్నీ అటే. కిందికి అందించడానికి వీలుగా అవెప్పుడూ అటే ఉంటాయి.

నీళ్లు తీయడం మొదలైంది. గోడ మీద తడి గీత పైపైకి పోతున్నట్టుంటుంది గానీ నిజానికి మనమే దిగుతుంటాం. నాచు బయటపడింది, తర్వాత గుల్లలు. కాసేపటికి కింద ఎవరో తలుపు మెల్లగా చేరవేసినట్టు చప్పుడైంది. అడుగుదూలం నేలని తాకింది.

పడవ ఒరగలేదు.

నిటారుగా నిలబడింది. వంటగది పొగగొట్టం వెనక దూరంగా వంతెన స్తంభం ఒకటి కనిపిస్తోంది. గొట్టం ఆ స్తంభానికి ఇటు రాలేదు, అటు పోలేదు. టైర్లకీ గోడకీ మధ్య వేలు పట్టేంత సందు తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. నీళ్లు ఇంకా నడుమెత్తు ఉన్నాయి, పడవని పట్టుకుంటున్నాయి. అవి పోయేలోపు అది ఏదో ఒక వైపు తేల్చుకుంటుంది. గోడకి ఎదురువైపు పోయిందంటే రాళ్ల మీదికి వెల్లకిలా పోతుంది, పడవా, ఇల్లూ, కుడివైపు కూర్చున్న మనిషీ.

"తాళ్లు ఇంకా బిగించాలి," అన్నాను గాలితో.

"ఇంత బరువుని తాళ్లేం ఆపుతాయి తల్లీ," అన్నాడు పైనుంచి కాపలాదారు. కుర్చీలోంచి ముందుకి వంగి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరూ చెరో పక్క తూకం వేసినట్టు కూర్చుంటే పాపం అదెటు ఒరగాలి?"

ఆవిడ వైపు చూశాను. మడత పెట్టిన చేతులతో, ఒక కాలు కొద్దిగా ముందుకి పెట్టి కూర్చుని ఉంది, లేవడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు కూర్చున్నట్టు. ఆవిడకీ తెలుసు. నాకంటే ముందే తెలిసి ఉంటుంది. కానీ లేవలేదు. ఇన్నేళ్లలో ఆవిడ ఎడమవైపు అడుగు పెట్టడం నేను చూడలేదు. పడవ విరిగిపోతున్నా ఒకరి చోటులోకి అడక్కుండా వచ్చే మనిషి కాదు. నాకు ఒక వాక్యం సిద్ధంగా ఉంది. 'డబ్బాలు ఇటు పెట్టాలి.' ఎవరినీ పిలవక్కర్లేని వాక్యం. డబ్బాలు వస్తాయి, వాటితో పాటు బరువూ వస్తుంది, ఆవిడ తిరిగి తన చోటుకి వెళ్తుంది. నోరు తెరిచాను. ఆ వాక్యం రాలేదు. వేరే మాటా రాలేదు.

నాన్న పెట్టె మీదున్న గొలుసుని రెండు చేతులా నా కాళ్ల దగ్గరికి లాక్కున్నాను. పెట్టె మీది తుప్పు పైటతో తుడిచాను. తుడిచి, ఆవిడ నడిచి రావడానికి దారి వదిలి, అంచు మీద కొంచెం జరిగి కూర్చున్నాను.